సింగమ చెక్కిన అక్షరం

కుందనగిరి రాజ్యానికి ఆధారం శంఖిని నది. నీలాద్రి కొండ గుహలో ఆ నది పుట్టేది. గుహ ముందు ఘటోదరుడనే రాక్షసుడు కాపురముండేవాడు. వాడు తలచుకుంటే ఒక్క బండ దొర్లించి నదిని ఆపేయగలడు. అందుకే పూర్వం ఒక రాజు వాడితో ఒడంబడిక చేసుకుని, దాన్ని అక్కడే రాతి మీద చెక్కించాడు. "ఏటా రాజవంశము నుండి ఘటోదరునకు ఒక ఉపహారము దేయము" అని అందులో ఉంది. ఉపహారమంటే కానుక. దేయమంటే ఇవ్వవలసినది. రాజులు ఏటా ఒక పట్టు కంబళో, కంచు గంటో పంపేవారు. రాక్షసుడు మురిసిపోయేవాడు. నది చల్లగా పారేది.

ఒక వానాకాలం పిడుగు పడి ఆ రాయి రెండుగా చీలింది. కొత్త రాయి చెక్కే పనిని ధరణీవర్మ మహారాజు పెద్దోజుకు అప్పగించాడు. పెద్దోజు చెక్కిన శాసనాలు లేని ఊరు ఆ రాజ్యంలో లేదు. నెల తిరక్కుండానే కొత్త రాయి బండి మీద నీలాద్రి చేరింది.

కానుక పంపే రోజు ఇంకా రాకముందే ఘటోదరుడు కోట గుమ్మం ముందుకు వచ్చి నిలబడ్డాడు.

"రాజా, నా ఉపాహారం ఏది?" అన్నాడు.

రాజు పట్టు కంబళి తెప్పించాడు. రాక్షసుడు దాన్ని కాలితో పక్కకు నెట్టాడు.

"ఇది ఉపహారం. రాతి మీద ఉన్నది ఉపాహారం. ఉపాహారమంటే ఫలహారం. రాజవంశం నుండి ఒకటి నాకు రావాలి. వంశంలో మిగిలింది నువ్వూ, నీ కూతురూ. నువ్వు ముసలివాడివి, నిన్ను నమల్లేను. పౌర్ణమికి నీ కూతుర్ని పంపు. పంపకపోతే నదిని కట్టేస్తాను. రాతి మీది మాట మేం తప్పం, ఎవరినీ తప్పనివ్వం."

వాడు వెళ్లగానే రాజు పెద్దోజును సభకు పిలిపించాడు. పెద్దోజు తల వంచుకుని, "తప్పు నాదే ప్రభూ, శిక్షించండి" అన్నాడు.

అతని వెనకాలే వచ్చిన పదహారేళ్ల కూతురు సింగమ ముందుకు నడిచింది.

"మా నాయన నన్ను కాయాలని అబద్ధమాడుతున్నాడు ప్రభూ. ఆఖరి రెండు వరుసలూ చెక్కింది నేను. పొద్దుటి నుంచి ఏమీ తినలేదు. ఆకలి మీద తొందరపడి, తలకట్టు పెట్టాల్సిన చోట దీర్ఘం పెట్టాను. నేను చెడగొట్టిన మాటను నేనే దిద్దుతాను. నన్ను నీలాద్రికి పంపండి."

సభలో గుసగుసలు లేచాయి. రాజు పక్కన కూర్చున్న యువరాణి మందారవల్లి చేయెత్తి వాటిని ఆపింది.

"పోయేది నా ప్రాణం కాబట్టి నేనే చెబుతున్నాను నాన్నగారూ. నిండు సభలో తన తప్పు ఒప్పుకున్న మనిషిని నమ్మవచ్చు. పౌర్ణమికి పన్నెండు రోజులున్నాయి. వెళ్లనివ్వండి."

ఆ మధ్యాహ్నమే సింగమ ఉలీ సుత్తీ నడుముకు కట్టుకుని, రొట్టెల మూట భుజాన వేసుకుని బయలుదేరింది. తండ్రి ఊరి పొలిమేర దాకా వచ్చి, "చేయి వణికితే ఆగు తల్లీ. ఆగడం తప్పు కాదు" అని మాత్రం చెప్పాడు.

రెండు రోజులు నడిచాక దట్టమైన అడవిలో ఒక తాపసి ఎదురైంది. ఆమె జడలు నేలను తాకుతున్నాయి. సింగమ ఒక రొట్టె తీసి తినబోతుంటే, "అమ్మాయీ, రొట్టెలో అర్ధం నాకు పెట్టు. నీ పనిలో అర్థం నీకు చెబుతాను" అందామె.

రెండు మాటలకూ చెవికి తేడా అందడం కష్టం. కాని సింగమ అక్షరాలతో పెరిగిన పిల్ల. మొదటిది సగమనీ, రెండోది భావమనీ గ్రహించి, రొట్టెను సరిగ్గా సగానికి విరిచి ఇచ్చింది.

తాపసి నెమ్మదిగా తిని మూతి తుడుచుకుంది. "చాలామంది అర్ధాన్ని అర్థమని విని, నన్ను డబ్బడిగే ముసలిదనుకుని తిట్టిపోయారు. నువ్వు విన్నావు. అందుకే చెబుతున్నా. చెక్కింది చెరపమని రాక్షసుణ్ణి అడక్కు, చంపేస్తాడు. చేర్చనివ్వమని అడుగు."

"ఏం చేర్చాలవ్వా?"

"అది రాయి ముందు నిలబడితేనే తెలుస్తుంది" అని ఆమె కళ్లు మూసుకుంది.

అడవి దాటితే ఇరుకైన కనుమ వచ్చింది. దాన్ని ఒక యాళి కాస్తోంది. దానికి సింహం ఒళ్లు, ఏనుగు తొండం. అది తొండం దారికి అడ్డం పెట్టి గంభీరంగా పలికింది.

"ఒక తల్లికి అయిదుగురు కొడుకులు. ఒకడు అన్నం పెడతాడు. ఒకడు తోటలన్నీ తిప్పుతాడు. ఒకడు దెబ్బ కొడతాడు. ఒకడు చంపుతాడు. ఒకడు చేసిన నష్టం తీరుస్తాడు. తల్లి ఒక్కతే, కొడుకుల తలపాగాలే వేరు. తల్లి ఎవరు?"

సింగమ నేల మీద కూర్చుని ఆలోచించింది. అన్నం పెట్టేది ఆహారం. తోటలు తిప్పేది విహారం. ఆ రెండూ దొరికేసరికి మిగిలినవి వాటంతటవే వరుస కట్టాయి.

"తల్లి హారం" అంది లేచి. "ఆ, వి, ప్ర, సం, పరి అనేవి తలపాగాలు. ఆహారం, విహారం, ప్రహారం, సంహారం, పరిహారం కొడుకులు."

"అయిదుగురిలో నువ్వు ఎవరిని వెంటబెట్టుకుని కొండెక్కుతున్నావు? రాక్షసుణ్ణి సంహరిద్దామనా?"

"కాదు. నష్టం చేసింది నేను. పరిహారమే నా తోడు."

యాళి తొండం ఎత్తి దారి ఇచ్చింది. అంతటితో ఆగక ఆమెను వీపున ఎక్కించుకుని, నాలుగు రోజుల కొండదారిని ఒక్క పూటలో దాటించి, గుహ ముందు దింపింది.

ఘటోదరుడు నది ఒడ్డున కూర్చుని పళ్లు తోముకుంటున్నాడు.

"యువరాణివి నువ్వేనా? బక్కగా ఉన్నావే" అన్నాడు.

"నేను యువరాణిని కాను. ఈ రాయి చెక్కినదాన్ని. ఇందులో ఒక్క గీతా చెరపను. ఒక్క అక్షరం చేర్చనివ్వు."

రాక్షసుడు కొండ అదిరేలా నవ్వాడు. "నా పొట్టకు అడ్డం రాగల అక్షరం ఎక్కడుంది? చెక్కు. రెండో అక్షరం చెక్కావో, ఫలహారం నువ్వే."

సింగమ రాయి ముందు నిలబడింది. తను పెట్టిన దీర్ఘం మీద వేలు ఆనించింది. ఆ మాటకు ముందు ఒక అక్షరం పెట్టి చూసింది మనసులో. వెనక పెట్టి చూసింది. ఏదీ కుదరలేదు. ఎండ నడినెత్తికి వచ్చింది. అప్పుడామె చూపు ఆఖరి వరుస మీద పడింది. అందులో "దేయము" అన్న ఒక్క మాటే ఉంది. దాని ముందు జానెడు జాగా ఖాళీగా ఉంది.

ఆమె చేయి వణికింది. ఆగింది. మిగిలిన రొట్టె తిని, నీళ్లు తాగి, ఉలి పట్టుకుంది. పొద్దు వాలేలోగా ఆ జాగాలో "అ" నిండుగా, గుండ్రంగా నిలిచింది.

రాక్షసుడు వంగి, వేలు పెట్టి చదివాడు. "ఒక ఉపాహారము... అదేయము."

న్యాయానికి ముందు అ చేరితే అన్యాయం. సత్యానికి ముందు చేరితే అసత్యం. ఇవ్వవలసినది కాస్తా ఇవ్వరానిదైంది.

ఘటోదరుడు ఆ "అ" మీద మళ్లీ వేలు పెట్టి చూశాడు. రాతి మీది మాట వాడు తప్పలేడు. చివరికి చిన్నపిల్లవాడిలా మొహం పెట్టి, "అంటే నాకిక కానుక కూడా రాదు" అన్నాడు.

సింగమ అప్పుడే వెనక్కి తిరిగి వెళ్లిపోవచ్చు. వెళ్లలేదు.

"మా పెద్దలు నీకు కానుక ఇస్తామన్నారు. అది ఎగ్గొట్టి ఇంటికి పోతే నా ఉలికి తలవంపులు. నువ్వు సరేనంటే మరో రాయి చెక్కుతాను. పక్కనే కూర్చుని ఒక్కొక్క అక్షరం సరిచూసుకో."

రాక్షసుడు ఆమెను తేరిపార చూశాడు. లేచి వెళ్లి, కొండ చరియ నుంచి గోళ్లతో నల్లటి పలకను పెకలించి తెచ్చి ఆమె ముందు దించాడు. అయిదు రోజులు ఆమె చెక్కింది, వాడు చదివాడు. "ఉపహారము" దగ్గర ఇద్దరూ మూడుసార్లు చూసుకున్నారు. తప్పు పడ్డ రాయిని వాడే పొడి చేసి నదిలో కలిపాడు.

"చెక్కినవాళ్ల పేరు కింద ఉండాలిగా" అన్నాడు వాడు.

సింగమ ఒక్క క్షణం తటపటాయించింది. ఇంతవరకూ ఏ శాసనం కిందా ఆడమనిషి పేరు లేదు. తరువాత ఉలి ఆనించి చెక్కింది: "పెద్దోజు కూతురు సింగమ చెక్కినది."

దిగేటప్పుడూ యాళే ఆమెను కొండదారి దాటించింది. పౌర్ణమికి ముందురోజు ఆమె కుందనగిరి చేరింది. రాజు సింహాసనం దిగి ఎదురొచ్చాడు. మందారవల్లి ఆమెను కౌగిలించుకుంది. కొన్నేళ్లకు తాను రాణి అయిన రోజున ఆమెను శాసనాధికారిణిగా నియమించింది. సింగమ రెండుసార్లు చదవనిదే ఆ రాజ్యంలో ఏ మాటా రాతికి ఎక్కలేదు, రాగి రేకుకు ఎక్కలేదు.

నది పారుతూనే ఉంది. ఏటా కానుక వెళ్లే రోజున పెద్దోజు అందరికంటే ముందు నీలాద్రి చేరేవాడు. వచ్చినవాళ్లు శాసనం చదివి కదలబోతే, చేయి పట్టుకుని ఆపేవాడు.

"ఆఖరి వరుస వదిలేశావు నాయనా" అనేవాడు. "అది కూడా చదువు. కాస్త గట్టిగా చదువు."