గొంతు దిగేదాకా

క్రిస్మస్ రోజు ఉదయం ఏడున్నరకు తల్లి చర్చిలో ఇచ్చే సత్ప్రసాదం కావాలని నోరు తెరిచి చూపించింది. కూతురు గడ్డం కింద చెయ్యి పెట్టి నోరు మూసింది.

పక్షవాతం వచ్చినప్పటి నుంచి తల్లికి పాలు, మందులు ముక్కులో వేసిన గొట్టంలోనే పోస్తున్నారు. మాట ముద్దగా వస్తుంది కాబట్టి పొదుపుగా వాడుతుంది. కిందటి ఆదివారం ఫాదర్ సత్ప్రసాదం తెస్తే, అమ్మ నిద్రపోతోందని కూతురు గుమ్మంలోంచే పంపించేసింది. తల్లి మేలుకునే ఉంది. అంతా విన్నది.

కూతురికి ఒక దగ్గు వినిపిస్తూ ఉంటుంది. రెండేళ్ల కిందట ఇదే మంచం మీద తండ్రి చనిపోయాడు. పాలల్లో నానబెట్టిన రొట్టె గొంతుకు అడ్డం పడింది. పెట్టింది ఆమే. ఆమె ఇంట్లోనే బట్టలు కుడుతుంది. ఎవరైనా తింటుంటే మిషను ఆపి వింటుంది. గుడిలో అందరూ సత్ప్రసాదానికి లేచినా ఆమె వెనక బల్ల దగ్గరే ఉండిపోతుంది. సత్ప్రసాదంగా ఇచ్చే ఆ పల్చటి గోధుమ అప్పం గొంతు దిగదని భయం.

పక్క వీధిలో మెకానిక్ షెడ్డు నడిపే అన్న, గుడిలో పండగ పూజకు వెళ్తూ వచ్చాడు. చొక్కా ఇస్త్రీది, గోళ్లలో మాత్రం గ్రీజు అలాగే ఉంది. ఇవాళ ఫాదర్‌ను తనే వెంటబెట్టుకొస్తానన్నాడు.

"గొంతులో పడితే నువ్వు తీస్తావా?" అంది చెల్లెలు.

"నీ భయానికి అమ్మను పస్తు పెడుతున్నావే."

"నాన్న పోయినప్పుడు నువ్వు లేవు. ఆ చప్పుడు నువ్వు వినలేదు."

"లేను. పండగ పండక్కీ ఆ మాట అంటూనే ఉన్నావు," అని చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

ఆమె మిషను ముందు కూర్చుంది. జాకెట్టు చెయ్యి సూది కిందే ఉంది, కుట్టలేదు. మంచం వైపు నుంచి దగ్గు వినిపించింది. చటుక్కున లేచింది.

"అమ్మా, దగ్గావా?"

"లేదు," అంది తల్లి. "నాకూ వినపడుద్ది."

"ఏంటి?"

"మీ నాన్న."

కూతురు మంచం పట్టె మీద కూర్చుంది. తల్లి ఒక్కో మాటా కూడదీసుకుని చెప్పింది. ఆ రోజు రొట్టె నానబెట్టింది తనే. ఆయన ఆకలి ఆకలని తొందర పెడితే, సరిగా నానకుండానే గిన్నె కూతురి చేతికిచ్చింది. చెప్దామనుకుంది, నోరు రాలేదు.

"ఆకలన్నాడు. పెట్టాం," అంది తల్లి. "తప్పు నీ ఒక్కదానిదే అనుకున్నావు. నేను అనుకోనిచ్చాను."

కూతురు తల్లి దుప్పట్లో మొహం పెట్టుకుని ఏడ్చింది. తల్లి పనిచేసే చేత్తో ఆమె జడ పట్టుకుని ఉంది.

ఫాదర్, అన్న వచ్చేసరికి తొమ్మిది దాటింది. డాక్టరు ఏమన్నారని ఫాదర్ అడిగారు. చుక్క చుక్కగా నీళ్లు పట్టడం మొదలుపెట్టమని వారం కిందటే అన్నారని, తను ఒక్క చుక్కా పట్టలేదని కూతురు ఒప్పుకుంది. అన్న ఆమె వైపు చూశాడు.

అప్పం మింగలేనివాళ్లకు పూజలోని ద్రాక్షారసం చాలని ఫాదర్ చెప్పారు. అన్న చెబితే అప్పంతో పాటు అదీ తెచ్చారు. అప్పంలో ఉన్న క్రీస్తే అందులోనూ ఉంటాడని, చుక్క అయినా ఆయన పూర్తిగానే ఉంటాడని అన్నారు.

"పుట్టినప్పుడు పశువుల తొట్టిలో పట్టాడు," అంది తల్లి. "చుక్కలో పట్టడా? దీనికి చెప్పండి ఫాదర్."

అన్న నవ్వు ఆపుకోలేకపోయాడు.

కూతురు తల్లి వీపు వెనక కూర్చుని, ఆమెను తన గుండెకు ఆనించుకుంది. రెండు వేళ్లు తల్లి గొంతు మీద పెట్టింది.

"క్రీస్తు రక్తము," అన్నారు ఫాదర్. తల్లి ఆమెన్ అంది. చుక్క నాలుక మీద పడింది. మిగతా ముగ్గురూ కదలకుండా ఉన్నారు. వేళ్ల కింద గొంతు ఒకసారి పైకి లేచి దిగింది. తల్లికి దగ్గు రాలేదు.

ఫాదర్ చిన్న డబ్బీలోంచి అప్పం తీసి కూతురి వైపు చూశారు. ఆమె ఇంకా తల్లిని పట్టుకునే ఉంది. నోరు తెరిచింది.

తల్లి మెడ తిప్పి కూతురి గొంతు వైపే చూసింది.

దిగింది.