చూపుసిరా

అంగారకుడి మీద కుజపురంలో మొక్కలకు నీళ్ళు పోసినట్టు బొమ్మలకు చూపు పోయాలి. ఆక్సిజన్ డబ్బా నింపించుకోవడానికి పోయేవాళ్ళు కూడా దారిలో ఆగి, చావడిగోడ మీది బొమ్మలను కాసేపు చూసి మరీ పోతారు. చూడకపోతే అవి వెలిసిపోతాయి మరి.

ఇదంతా కమలాక్షి చలవ. పొద్దున రసాయనశాస్త్రం, సాయంత్రం చిత్రకళ చదివిన పిల్ల. ఆమె కనిపెట్టిన చూపుసిరాలో, ఆవగింజను వెయ్యి చెక్కలు చేస్తే ఒక్కో చెక్కంత ఉండే సెన్సర్లుంటాయి. అవి చూసేవాళ్ళ కంటిపాప ఎంత విప్పారిందో కొలిచి, చూపు ఆనినచోట రంగును చిక్కబరిచి చుట్టూ పాకిస్తాయి.

జుట్టు నెరిసేదాకా కుంచె పట్టిన అంకబాబు కమలాక్షి పేరు వింటేనే కళ్ళలో నిప్పులు పోసుకునేవాడు. గాజు గొట్టాలు కడుక్కునే పిల్లకు గీతంటే ఏం తెలుసని ఊరంతా చెప్పుకు తిరిగాడు. ఆ గోల పడలేక పంచాయతీ పందెం పెట్టింది. ఇద్దరూ ఆ సిరాతోనే చెరో బొమ్మ వేయాలి. ఉగాదికి ఏది నిగనిగలాడితే అది చావడిలో ఉండిపోతుంది. రెండోదాన్ని వేసినవాళ్ళే తుడిచేయాలి.

అంకబాబు కొంగను వేశాడు. కమలాక్షి గోదావరి రేవు వేసి, పైమూల ఓ నల్లచుక్క పెట్టింది. ఏమిటదంటే, పసిబిడ్డ బుగ్గకు పెట్టినట్టు దిష్టిచుక్క అంది.

అంకబాబుకు అది చాలు. రోజూ పొద్దున్నే వచ్చి ఆ చుక్కనే గుడ్లురిమి చూసేవాడు. బొమ్మను చెడగొట్టింది అదేనని వచ్చినవాళ్ళకల్లా వేలుపెట్టి చూపించేవాడు. ఇక తన కొంగవంక చూసుకునే తీరిక ఎక్కడిది?

ఉగాదినాటికి ఆ చుక్క పెరిగి పెరిగి, రేవుమీద కమ్ముకొచ్చిన కారుమబ్బై కూర్చుంది. వానంటే ఏమిటో ఎరగని ఊరు నోరు తెరిచి చూసింది. భూమ్మీద పుట్టిన ముసలమ్మలు వడియాలు తీయడానికి పరుగెత్తారని కూడా అంటారు.

"సిరా కంటిపాపనే కొలుస్తుంది బాబాయిగారూ," అంది కమలాక్షి. "ప్రేమో కుళ్ళో దానికి తెలీదు. ఆ మబ్బు మీ చలవే."

అంకబాబు తడిగుడ్డ తీసుకుని తన బొమ్మ దగ్గరికి నడిచాడు. కొంగ ఒళ్ళంతా వెలిసిపోయింది. మెడ ఒంపు మాత్రం, ఆ ఒక్క గీతే, కాటుకలా మెరుస్తోంది.

"దీన్నెవరమ్మాయ్ ఇంతగా చూసింది?"

"నేనే," అంది కమలాక్షి. "ఆ ఒంపు నా చేతికి రాదు. రోజూ మీరు వెళ్ళాక వచ్చి, దాన్ని చూసి ఏడ్చేదాన్ని."

"అయితే తుడిచెయ్యనా?"

"మిగతాది తుడవండి. ఒంపు వదిలెయ్యండి. నా కడుపుమంట ఇంకా చల్లారలేదు."

అంకబాబు అలాగే తుడిచి, గుడ్డ పిండి భుజాన వేసుకుని, పందెం గెలిచినవాడు కూడా నడవనంత దర్జాగా ఇంటికి పోయాడు.