బెల్టు విప్పిన చెయ్యి

ఆ ఆడిటోరియంలో స్టేజీకి ఎడమ పక్క ఎవరూ నిలబడరు. కొత్తగా వచ్చిన డాన్సర్లు తెలియక అటు వెళ్తే పాతవాళ్లు జబ్బ పట్టుకుని ఇవతలికి లాగేస్తారు. ఎందుకని అడిగితే తల పైకెత్తి చూసి, మళ్లీ పనిలో పడతారు.

పైన చీకట్లో, లైట్లు వేలాడదీసే సన్నటి ఇనప నడవ ఒకటి ఉంది. నిరుడు సంగీత కచేరీ మధ్యలో లైట్ల మేస్త్రి అక్కణ్ణించే పడి చనిపోయాడు. పడిపోకుండా కట్టుకునే బెల్టు పెట్టుకోమంటే వినలేదనీ, తాగి ఎక్కాడనీ హాలు ఓనరు ఊరంతా చెప్పాడు. పోయినవాడు వచ్చి కాదనలేడు కదా. జనం నమ్మారు. ఆయన చుక్క ముట్టడని మేస్త్రి భార్య ఒక్కతే మొత్తుకుంది. వినేదెవరు?

ఈ సంగతి నాకు చెప్పింది మా తోడల్లుడు. వీడియో ఎడిటరు. మా అత్తగారి లెక్కలో ఇద్దరు అల్లుళ్లలో నోరున్నది నాకు, బుద్ధున్నది అతనికి. అబద్ధాలాడే మనిషి కాదు.

ఏడాది తర్వాత ఆ కచేరీ వీడియో విడుదల చేయాలని ఓనరుకి బుద్ధి పుట్టింది. మేస్త్రి పడిన ముక్క తీసేసి, మిగతాది శుభ్రం చేసిపెట్టమని మావాణ్ణి పిలిచాడు. ఫుటేజి గడప దాటకూడదు, హాలు వెనక గదిలోనే కూర్చోవాలన్నాడు. పగలంతా హాల్లో రిహార్సల్సు. అందుకని మావాడు రాత్రుళ్లు కూర్చున్నాడు.

మొదట బొమ్మంతా మసక. చూస్తే, కంప్యూటరు అసలు ఫైళ్లు వదిలేసి చిన్న సైజు కాపీలు చూపిస్తోంది. సరిచేశాడు. తర్వాత, గాయని చెయ్యి ఊపితే చాలు కుదుపులు. రెండు కెమెరాలు రెండు వేగాలతో తీశాయి. వాటినీ ఒక దారికి తెచ్చాడు.

ఒక్క షాటు మాత్రం లొంగలేదు. గాయని తాడు మీద పైనుంచి దిగబోయే ముందు, ఖాళీ స్టేజీ. దాని పైనున్న చీకట్లో ఇసుక చల్లినట్టు ఒకటే గింజ.

"చీకట్లో తీస్తే గింజ రావడం మామూలే అన్నయ్యా," అన్నాడు నాతో. "కానీ ఇది... ఊపిరి పీలుస్తోంది."

పంతం పట్టాడు. ఆ మూల వరకూ వెలుగు పెంచి, గింజ తగ్గించాడు. మనిషి ఆకారం తేలింది. ఇంకాస్త తగ్గించాడు — మేస్త్రి. నడుముకి పసుపుపచ్చ బెల్టు, శుభ్రంగా బిగించి ఉంది. ఇంకాస్త —

ఆ నడుము దగ్గర ఇంకో చెయ్యి. తెల్లచొక్కా, బంగారు గడియారం. కొక్కెం విప్పుతోంది.

తర్వాతి షాట్‌లో గాయని నవ్వుతూ కిందికి దిగుతోంది. ఆమె నడుముకి అదే పసుపుపచ్చ బెల్టు.

బెల్టు ఒకటి తక్కువైంది... అంతే. షో ఆగకూడదని బతికున్న మనిషి ఒంటి మీదది ఊడదీశారు.

మావాడు అప్పటికప్పుడు ఓనర్ని పిలిచి చూపించాడు. ఓనరు తన బంగారు గడియారం మీదికి చొక్కా చెయ్యి లాక్కున్నాడు. తర్వాత గొంతు తగ్గించి అన్నాడు, "అది పరదా మడత. కెమెరా లోపం."

లోపమో కాదో తేల్చుకుందామన్నాడు మావాడు. అదే కెమెరా అదే చోట పెట్టి మళ్లీ తీస్తే, మడతైతే మళ్లీ కనిపించాలి కదా.

ఓనరు ఒప్పుకున్నాడు. పైన పరదాని ఆ రోజున్నట్టు తానే సర్దుతానన్నాడు. పనివాళ్లని పిలిస్తే నాలుగు నోళ్లలో పడుతుందని భయం. బెల్టు కట్టుకుని, కొక్కెం గట్టిగా లాగి చూసుకుని మరీ నిచ్చెన ఎక్కాడు.

మావాడు గదిలో తెర ముందు కూర్చున్నాడు. బొమ్మ అద్దంలా ఉంది. ఒక్క గింజ లేదు. ఓనరు పరదా దాకా నడిచాడు... వంగాడు...

ఆయన వెనక ఎవరో నిలబడి ఉన్నారు.

మావాడు స్టేజీ మీదికి పరిగెత్తాడు. తలెత్తి చూస్తే ఓనరు ఒక్కడే. పైనుంచి గుసగుస... ఓనరు ఎవరినో బతిమాలుకుంటున్నాడు.

"తప్పైపోయింది... మీ ఆవిడకి అందరి ముందూ చెప్తాను... వద్దు..."

తర్వాత — దబ్బున చప్పుడు.

పోలీసులొచ్చారు. మావాడు ఆ పాత షాటు వాళ్ల చేతిలో పెట్టాడు. మేస్త్రి మీద పడ్డ నింద అలా తొలగింది. భార్యకి చూపిస్తే ఏడవలేదట. తెర మీద ఆయన ముఖాన్ని కొంగుతో తుడిచి వెళ్లిపోయిందట.

ఓనరు మాత్రం కంగారులో తన బెల్టు తానే విప్పుకుని పడి చచ్చిపోయి ఉంటాడని అందరూ అనుకున్నారు. ఎందుకైనా మంచిదని ఆ రాత్రి రికార్డింగు వేసి చూశారు.

వెనక ఎవరూ లేరు. ఓనరు ఒక్కడే. రెండు చేతులతోనూ ఇనప కమ్మీని గట్టిగా పట్టుకునే ఉన్నాడు.

నడుము దగ్గర కొక్కెం... దానంతటదే, నిదానంగా విచ్చుకుంది.