పలకలో కుడి సగం

ధర్మవరంలో తెల్లవారిందని ఎవరూ చెప్పనక్కర్లేదు. వీధి మొదట్లో ఒక మగ్గం దెబ్బ వేస్తుంది, ఎదురింటి మగ్గం దానికి బదులిస్తుంది, కాఫీలు ముగిసేలోగా వీధంతా ఒకే చప్పుడైపోతుంది. దసరా సెలవులకు ఇంటికి వచ్చిన గంగాధర ఆ ఉదయం లోటా పట్టుకుని గడప మీద కూర్చున్నాడు గానీ ఆ చప్పుడు వినడం లేదు. మగ్గం గుంటలో కాళ్లు దించి కూర్చున్న తండ్రి వీపును చూస్తున్నాడు.

కదిరప్ప వీపు కుడి పక్కకు ఒరిగి ఉంది. అడ్డపోగు మోసే నాడె విసిరినా, పోగును బిగించే అచ్చు లాగి దెబ్బ వేసినా ఆ ఒరుగు పోవడం లేదు.

ఇంతకుముందైతే గంగాధర కంటికి ఇది ఆనేది కాదు. పందొమ్మిది వందల అరవైలో వ్యాయామ శిక్షణ కళాశాలలో చేరి, ఏడాది చదివి, నాలుగు నెలల కిందటే పెనుకొండ హైస్కూల్లో డ్రిల్లు మాస్టరు అయ్యాడు. ఆ కళాశాలలో పొద్దున మైదానం, మధ్యాహ్నం తరగతి. పొద్దున వాలీబాల్ ఆడినవాళ్లే మధ్యాహ్నం చలనశాస్త్రం క్లాసులో కూర్చునేవాళ్లు. గోడకు చర్మం లేని మనిషి పటం. ఆ పటం ముందు నిలబడి మాస్టరు ఉదయపు ఆటను ముక్కలుగా విప్పేవాడు. ఎగిరినవాడి మడమ ఎప్పుడు లేచింది, నడుము ఎటు తిరిగింది, భుజం ఎంత ఆలస్యంగా వచ్చింది. నేతవాళ్ల ఇంట్లో పుట్టినవాడికి ఆ చదువు తొందరగా పట్టుబడింది. గుడ్డను పోగులుగా విడదీసి చూడడం లాంటిదే అది. జట్టులోని గోరంట్ల ఏసురత్నం బంతిని వల మీదికి ఎత్తి ఇస్తే గంగాధర కొట్టేవాడు. ఆ ఇద్దరినీ చూపించి మాస్టరు ఎన్నో పాఠాలు చెప్పాడు.

గంగాధర లోటా పక్కన పెట్టి లేచాడు. పోగు చుట్టే ఖాళీ కండెకు దారం కట్టి, దూలం నుంచి తండ్రి వీపు వెనకగా వేలాడదీశాడు. కళాశాలలో ఇట్లాగే తూకపు దారం కట్టి ఒకరి వీపు ఒకరు చూసుకునేవాళ్లు. దారానికీ, మెడ ఎముకకూ మధ్య నాలుగు వేళ్ల దూరం వచ్చింది.

ఆసు పక్కన దారం చుట్టుకుంటున్న మేనత్త చౌడక్క నవ్వింది. "ఏమబ్బా, మీ నాయనకు అంగీ కుట్టిస్తాండావా?"

గంగాధర నవ్వలేదు. ఇట్లాగే కూర్చుంటే రెండేళ్లకు నడుము పట్టేస్తుందని తండ్రికి చెప్పాడు. కదిరప్ప నాడె ఆపకుండానే, ఇన్నేండ్లు పట్టింది లేదులే అన్నాడు.

ఆ ఒరుగుకు కారణం ఒకప్పుడు ఉండేది. రెండు రంగుల అంచు చీరకు ఇద్దరు కావాలి. మగ్గం గుంట అంచున కూర్చునే చెక్క పలక మీద కదిరప్ప ఎడమ సగంలో కూర్చుంటే, అతని భార్య నాగరత్నమ్మ కుడి సగంలో కూర్చునేది. అంచు నాడె ఆమెది, చీర ఒంటిని నేసే నాడె ఆయనది. ఆమె నాడె పంపితే ఆయన అందుకుని, పోగుకు పోగు మెలివేసి తిరిగి పంపేవాడు. ఇరవై రెండేళ్లు అట్లా నేశారు. పోయిన మాఘంలో ఆమె జ్వరంతో మూడు రోజుల్లో పోయింది. టెలిగ్రాం కళాశాలకు చేరేసరికి గంగాధర జట్టుతో పోటీలకు వేరే ఊళ్లో ఉన్నాడు. అది వెతుక్కుంటూ అతన్ని చేరి, అతను ఇల్లు చేరేసరికి ఆమె పోయి మూడో రోజు, అంతా ముగిసిపోయింది. ఆలస్యమైందని తండ్రి అనలేదు. ఎవరూ అనలేదు. అన్నా బాగుండేదని గంగాధరకు అప్పుడప్పుడూ అనిపించేది. అనని మాటకు బదులు చెప్పుకోవడం కుదరదు.

ఆమె పోయాక కదిరప్ప ఒకే నాడెతో ఒక్కడే నేయగలిగే చీరలు పెట్టుకున్నాడు. ఆ చీరకు కుడి పక్కకు ఒరగాల్సిన పని లేదు. అయినా ఒరుగుతున్నాడు. చలనశాస్త్రం ప్రకారం అది దురలవాటు. దాన్ని సరిచేయాలి. ఈ ఇంట్లో తన చేతులతో సరిచేయగలిగింది ఒక్కటైనా ఉండాలని గంగాధర మనసు పీకుతూ ఉందని అప్పుడు అతనికే తెలియదు.

రెండు రోజుల తర్వాత కదిరప్ప, నేసిన చీర ఇచ్చి పట్టు తెచ్చుకోవడానికి హిందూపురం పోయాడు. గంగాధర పొరుగింటి నుంచి రంపం తెచ్చాడు. గుంట అంచున ఉన్న చింతచెక్క పలక నిడుపుగా ఉండేది. ఏళ్ల తరబడి కూర్చున్నందుకు దాంట్లో రెండు పల్లాలు పడ్డాయి, ఎడమది లోతుగా, కుడిది తేలికగా. పలకను నడిమికి కోశాడు. ఎడమ ముక్కను సరిగ్గా మగ్గం మధ్యకు జరిపి, తొడలు సమంగా ఉండేట్టు కింద రెండు ఇటుకలు పెట్టి ఎత్తు చేశాడు. దారం కట్టి చూసుకుంటే అంతా తిన్నగా ఉంది. కుడి ముక్క మిగిలింది. దాన్ని గొడ్డలితో చీల్చి నీళ్ల పొయ్యి దగ్గర వేశాడు. సాయంత్రం చౌడక్క కట్టెలు చాలక వాటిని పొయ్యిలో పెట్టింది.

కదిరప్ప బండి దిగి వచ్చి, ఎప్పటిలాగే ముందు స్నానం చేశాడు. నీళ్లు బాగా కాగినాయని అన్నాడు కూడా. తర్వాత తుండుగుడ్డ భుజాన వేసుకుని మగ్గం దగ్గరికి పోయి నిలబడ్డాడు.

"ఇంకో ముక్క యాడ?" అన్నాడు.

చౌడక్క పొయ్యి వైపు చూసింది. కదిరప్ప కూడా చూశాడు. తడి తల తుడుచుకుంటున్న చెయ్యి ఆగింది, మళ్లీ తుడుచుకుంది. ఇక మీద నడుము నొప్పి రాదని, పలక ఎందుకు మార్చాడో గంగాధర వివరించాడు. తండ్రి అంతా విని, గుంటలోకి దిగి, ఇటుకల మీది పలక మీద కూర్చున్నాడు. గంగాధర దారం చూశాడు. వీపు నిటారుగా ఉంది. అతనికి సంతోషమైంది. ఆ సంతోషం తర్వాత ఎన్నో ఏళ్లు అతన్ని వేధించింది.

మరుసటి రోజు నుంచి మగ్గం చప్పుడు మారింది. ఒక దెబ్బ బరువుగా, ఒకటి తేలికగా పడేది. మధ్యలో ఆగేది. వీధిలో పోయేవాళ్లు తొంగిచూసి, ఏమప్పా కదిరప్పా, కొత్తగా నేర్చుకుంటాండావా అని ఎగతాళి చేసేవాళ్లు. కదిరప్ప నవ్వి ఊరుకునేవాడు. చౌడక్క మాత్రం ఒకసారి అన్నంలో చారు పోస్తూ, మీ నాయన ఈ మధ్య సరిగా తినడం లేదని, మామూలు మాటలా చెప్పింది.

సెలవుల చివరి రోజున చీర ముగిసింది. మర్నాడు బడి తెరుస్తారు కాబట్టి, హిందూపురం దాకా తండ్రికి తోడు పోయి, తిరుగు బండిలో పెనుకొండలో దిగిపోదామని గంగాధర కూడా బయల్దేరాడు. షావుకారు పాండురంగయ్య చీర మడత విప్పి, వాకిలి వెలుతురుకు ఎదురుగా పట్టాడు. చీర ఒళ్లంతా అడ్డంగా చారలు. దెబ్బ గట్టిగా పడినచోట ముదురుగా, తేలిగ్గా పడినచోట పలచగా.

"ముప్పై ఏండ్లుగా నీ చీర కండ్లు మూసుకొని తీసుకుంటాండా" అన్నాడు పాండురంగయ్య. "ఈ పొద్దు తెరిచినా. ఇది నువ్వు నేసిందేనా?"

"నాదే" అన్నాడు కదిరప్ప. చీరను తానే మడిచాడు. మడతల మీద చెయ్యి రాస్తూ నెమ్మదిగా మడిచాడు. అంగట్లో ఇద్దరు ముగ్గురు చూస్తున్నారు. వాళ్లలో ఎవరూ అతన్ని అట్లా ఎన్నడూ చూడలేదు.

తిరుగు బండిలో కిటికీ దగ్గర పక్కపక్కన కూర్చున్నారు. చీర మూట కదిరప్ప ఒళ్లో ఉంది. గంగాధరకు అవమానంగా ఉంది. ఆ అవమానం కోపంగా మారింది.

"అలవాటయ్యేదాకా అట్లనే ఉంటాది నాయనా. ఒక నెల ఓర్చుకుంటే దెబ్బ సమానమైతాది. ఒకే నాడె చీరకు కుడి పక్కకు ఒరగాల్సిన పనేముండాది? నచ్చకుంటే ఆ పొద్దే తీసేయాల్సింది. చీర చెడిపోయేదాకా ఎందుకు కూర్చున్నావు?"

కదిరప్ప బయట పరిగెత్తే బోడిగుట్టల వైపు తల తిప్పాడు.

"నువ్వు చదువుకొని వచ్చి చేసినావు" అన్నాడు. "తప్పుంటాదని అనుకోలా. నా నడుమే మొండిదనుకుంటి."

కదిరప్ప మూట ముడి సవరించి మళ్లీ అందుకున్నాడు.

"మీ అమ్మ కుడి చెయ్యి చిన్నప్పుడే విరిగిందిరా. సరిగ్గా అతకలా. మోచెయ్యి పూర్తిగా చాపలేదు. నాడె పంపితే సగంలోనే ఆగిపోయేది. పెండ్లైన కొత్తలో దానికే ఏడ్చేది. అందుకని నేనే అంత దూరం ఒరిగి అందుకుంటాంటి. రెండు మూడేండ్లకు తన నాడె సరిగ్గానే నా దాకా వస్తాందనుకుంది. నేను చెప్పలా." మూట మీద చెయ్యి కదిలింది. "పోయేదాకా చెప్పలా."

గంగాధర తల్లి చేతిని గుర్తుకు తెచ్చుకోవడానికి ప్రయత్నించాడు. అన్నం పెట్టిన చెయ్యి, తల దువ్విన చెయ్యి. ఆ మోచెయ్యి ఎంతవరకు చాచుకునేదో గుర్తు రాలేదు. పటంలో ప్రతి కండ పేరూ చెప్పగలవాడు, ఇరవై ఏళ్లు ఆ చేతి కింద పెరిగి దాన్ని ఒక్కసారి చూడలేదు.

గుర్తొచ్చింది వేరొకటి. కళాశాలలో సంవత్సరం సగంలో ఏసురత్నం కాలు విరిగి ఊరికి పోయాడు. అతని చోట కొత్తవాడు బంతి ఎత్తి ఇచ్చేవాడు. ఆ తర్వాత నెల రోజులు గంగాధర ఎగిరి కొట్టిన ప్రతి దెబ్బా గాలిలోనే పోయింది. భుజంలో ఏదో చెడిందని భయపడి మాస్టరు దగ్గరికి పోయాడు. ఆయన భుజం అంతా నొక్కి చూసి అన్నాడు: "నీ భుజంలో తప్పేమీ లేదు. నువ్వు ఇంకా ఏసురత్నం ఇచ్చే బంతికే ఎగురుతున్నావు. ఆ బంతి ఇక రాదని నీ తలకు తెలుసు, కాళ్లకు తెలియదు. జట్టులో ఒకడు పోతే మిగిలినవాళ్ల ఒళ్లలో అతని చోటు కొన్నాళ్లు అట్లాగే ఉంటుంది. దాన్ని తిట్టకు."

ఆ మాట గంగాధర పరీక్షలో రాశాడు. మంచి మార్కులు వచ్చాయి.

బండి పెనుకొండలో ఆగింది. కొండ మీద సాయంత్రపు ఎండ ఉంది. ప్లాట్‌ఫారం మీద ఎవరో పిల్లలు "నమస్కారం సార్" అని చేతులెత్తారు. గంగాధర సంచి ఒళ్లో పెట్టుకుని అట్లాగే కూర్చున్నాడు.

"దిగవా? రేపు బడి ఉండాదే" అన్నాడు కదిరప్ప.

"పొద్దున బండికి వస్తా."

బండి కదిలింది. ధర్మవరం చేరేలోగా ఎక్కడో మధ్యలో కదిరప్ప చీర మూటను తన పక్కన, ఇద్దరికీ మధ్య పెట్టాడు.

మరునాడు వీధిలో మొదటి మగ్గం ఇంకా పలకకముందే గంగాధర గుంటలోకి దిగాడు. ఇటుకలు తీసేశాడు. మిగిలిన పలక ముక్కను దాని పాత చోటికి, ఎడమ పక్కకు జరిపాడు. అటక మీది నుంచి ఒక మామూలు చెక్క దించి కుడి పక్క పరిచాడు. పల్లం లేని, చదునైన, ఎవరిదీ కాని చెక్క. దాని మీద తాను కూర్చున్నాడు.

కదిరప్ప వచ్చి చూశాడు. పొయ్యి వైపు ఒకసారి చూసి, గూట్లో ఎనిమిది నెలలుగా పడి ఉన్న అంచు నాడెను తీసి, తుండుగుడ్డతో దుమ్ము తుడిచి కొడుకు చేతిలో పెట్టాడు. ఒక చీర కోశాక మిగిలిన పడుగులో మొదటి జానెడు తర్వాతి చీరలోకి రాదు, కోసి పారేస్తారు. ఆ జానెడులో నేర్చుకోవచ్చని అన్నాడు. తన చోట, తన పల్లంలో కూర్చున్నాడు.

గంగాధర నాడె విసిరాడు. బంతి కొట్టిన చెయ్యి అది. నాడె తండ్రి చేతిని దాటి, ఎడమ అంచు దాకా దూసుకుపోయి కింద పడింది.

"మెల్లగా అబ్బా" అన్నాడు కదిరప్ప. "అవతల పక్క శత్రువులెవరూ లేరు."

లోపలి నుంచి చౌడక్క నవ్వింది. ఆ నవ్వు చివరికి ఏడుపులా ముగిసింది. బండికి పొద్దుపోతాందని ఆమె కేక వేసింది గానీ ఎవరూ లేవలేదు.

రెండోసారి గంగాధర చెయ్యి తగ్గించాడు. మోచెయ్యి పూర్తిగా చాపకుండా, సగంలోనే ఆపి పంపాడు. నాడె పోగుల మధ్య కొంచెం దూరం జారి ఆగిపోయింది. మళ్లీ విసరాలా అని తల తిప్పేలోగా తండ్రి నడుము కుడి పక్కకు ఒరిగింది. ఆయన భుజం వచ్చి అతని భుజానికి ఆనింది. నాడె ఆగిన చోట ఆయన చెయ్యి ముందే ఉంది.

కదిరప్ప నాడె అందుకున్నాడు. తిరిగి పంపడానికి కొంచెంసేపు పట్టింది. పోగులు కనిపించడం లేదేమో, కళ్లు తుడుచుకున్నాడు.

"ఇంకొంచెం ఇటు జరుగు" అన్నాడు. "మీ అమ్మ అంత దూరంలో కూర్చునేది కాదు."

గంగాధర జరిగాడు.