మందు సంగతి నేనే చూస్త

పొద్దున్నే పాలు పొంగితే ఇంటికి మంచిదని పక్కింటి అరుణమ్మ అంటుంది. స్టవ్ తుడుచుకోవాల్సింది మాత్రం విమలమ్మే. ఆ పనిలో ఉండగా ఇంటి ముందు కొట్టంలోంచి భర్త యోసేపు కేక వినిపించింది.

"విమలా! మందు డబ్బా ఏడ పెట్టినవ్?"

ఆ ఇంట్లో మందు అంటే ఒక్కటే, పంటకు కొట్టేది. రెండో రకం యోసేపు బాప్తిస్మం తీసుకున్న రోజే గడప దాటిపోయింది.

"నేనెందుకు పెడ్త? దాంతోని తాలింపు ఏస్తనా?"

"కొట్టంల లేదే! నిమ్మచెట్టును పురుగులు నమిలేస్తున్నయి, ఇయ్యాల మందు కొడ్తనని రాత్రే చెప్పిన గదా."

రాత్రి అన్న మాట వినగానే విమలమ్మ చేతిలో గుడ్డ ఆగిపోయింది.

రాత్రి అన్నాల దగ్గర పెద్ద గొడవ. మొయినాబాద్ కాలేజీలో ఇంజనీరింగ్ చదివిన కూతురు జెన్నీకి మాదాపూర్‌లో ఉద్యోగం వచ్చింది, వచ్చే వారమే చేరాలి. యోసేపేమో ఒక సంబంధానికి మాటిచ్చి వచ్చాడు. పిల్లవాడిదీ కంప్యూటర్ ఉద్యోగమే, కానీ కోడలు మాత్రం ఇంటిపట్టున ఉండాలట. "ఆదివారం చర్చి అయినంక వస్తరు, మంచి చీర కట్టుకో" అన్నాడు. ఆ ఊపులోనే చెట్టుకు మందు కొడతానన్నాడు. జెన్నీ కంచం పక్కకు నెట్టి, "పొద్దటికల్లా మందు సంగతి నేనే చూస్త" అని లేచిపోయింది. పిల్ల తండ్రికి పని తప్పిస్తానంటోంది కాబోలు అనుకున్నారు ఇద్దరూ.

విమలమ్మ కూతురి గదిలోకి పరుగెత్తింది. మంచం ఖాళీగా ఉంది. దిండు మీద సెల్‌ఫోన్ ఉంది. ఫోను లేకుండా బాత్రూముకు కూడా పోని పిల్ల!

"ఏమయ్యా..." అని కేకేసింది. "జెన్నీ లేదు."

యోసేపు ఉరికొచ్చి ఖాళీ మంచం చూశాడు. ఆ మాట ఇద్దరిలో ఎవరూ పైకి అనలేదు. పత్తి ఎండిన ఏడాది ఊళ్లోంచి ఎవరెవరిని దవాఖానకు ఎత్తుకుపోయారో ఇద్దరికీ గుర్తుంది.

"నేను రోడ్డు దిక్కు చూస్త, నువ్వు ఎనకకు పో!"

ఇంటి వెనక నీళ్ల ట్యాంకు చాటున మొదట పాదాలు కనిపించాయి. నిమ్మచెట్టు కింద జెన్నీ పక్కకు ఒరిగి పడి ఉంది. కదలిక లేదు.

విమలమ్మ పెట్టిన కేకకు యోసేపు గేటు దగ్గర నుంచి ఉరికొచ్చి, మోకాళ్ల మీద కూలబడి, కూతురి భుజం పట్టి ఊపాడు.

"ష్! కదిలియ్యకు బాపూ!" అంది, ఇద్దరూ అప్పటికే పోయిందనుకున్న బిడ్డ. "గట్ల అరుస్తే అది మళ్ల లోపలికి పోతదేమో!"

కింది కొమ్మకు ఎండుటాకులా అంటుకున్న గూడు చీలి, సీతాకోకచిలుక ఒకటి బయటికి పాకుతోంది. పసుపు చుక్కల నల్లరెక్కలు పిండిన బట్టల్లా ముడుచుకుని ఉన్నాయి.

"మందు ఏడున్నదే?" అన్నాడు యోసేపు.

"కోళ్ల గూట్ల దాచిన. ఫోనుకు పోతే ఇది తప్పిపోతదని ఈడనే పండుకున్న. నేను చూస్కుంటనని చెప్పిన గదా! నువ్వు తిట్టే పురుగులే బాపూ, గిట్లయితయి. మందు కొడ్తే అన్ని చస్తయి."

జెన్నీ తల తిప్పి చూసింది. తల్లి కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. తండ్రి ఆమె భుజం ఇంకా వదల్లేదు.

"నేను తాగిన అనుకున్నరా?" లేచి కూర్చుంది జెన్నీ. "దగ్గు మందుకే ఇల్లంత ఉరికిస్త గదనే అమ్మా!"

నవ్వాల్సిన మాటే. విమలమ్మకు నవ్వు రాలేదు. ఖాళీ మంచం చూడగానే నమ్మేశారు. మన జెన్నీ అట్ల చెయ్యదని ఒక్కరి నోటా రాలేదు. పిల్లను ఎంత దూరం నెట్టారో లోపల తెలుసు కాబట్టే నమ్మారు. రాత్రి ఆయన అరిచాడు సరే, తను మాత్రం పప్పు వడ్డించడం తప్ప ఏం చేసింది?

"ఆళ్లకు నేను ఫోన్ చేస్త. ఆదివారం రావొద్దని చెప్త" అంది విమలమ్మ గట్టిగా.

"వద్దు. మాటిచ్చింది నేను, నేనే చెప్త." యోసేపు లుంగీ అంచుతో ముఖం తుడుచుకున్నాడు. "బిడ్డా, నీ ఆఫీసుకు ఎట్ల పోవాలె?"

"మెహదీపట్నం దాక మన బస్సే."

"పొద్దటి బస్సుల సీటు దొరకది. ముందుగల నేను పోయి కిటికీలకెంచి తువ్వాలేసి ఆపుత. నువ్వు ఆగమాగం ఉరకకు."

రాత్రి అంత గొడవలో కంట తడి పెట్టని జెన్నీ, అప్పుడు తండ్రి భుజం మీద తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది.