పాత లాండ్రీ గదిలో పిష్టాకో

మా ఊరి ఆసుపత్రి వెనకాల పాత లాండ్రీ గది ఉంది. చీకటి పడ్డాక అటు ఎవరూ పోరు. కుక్కలు మాత్రం పోతాయి. తలుపు ముందు కూచుని మూతులు నాక్కుంటాయి... అది చూస్తే ఇంకా భయం.

లోపల పిష్టాకో ఉన్నాడంటారు. పిష్టాకో అంటే మా కొండల్లో చంటిపిల్లలకి కూడా తెలుసు. రాత్రిపూట ఒంటరిగా పోయేవాణ్ని పట్టుకుని, కోసి, ఒంట్లో కొవ్వంతా తీసుకుపోతాడు. నేను చూళ్ళేదు, నాకంత ధైర్యం లేదు. మా ఫెర్మిన్ బావ చూశాడు. ఆయన చెప్పిందే చెప్తున్నా.

మా అక్క లుస్మిలకి కాలేయంలో గడ్డ. గొర్రెలు కాసే కుక్కల నించి వస్తుందంట. తెల్లారితే ఆపరేషను, సగం కాలేయం తీసెయ్యాలి. కాలేయమంటే నెత్తుటి ముద్ద, కత్తి తగిలితే ఓ పట్టాన ఆగదని డాక్టరమ్మ ముందే చెప్పింది. అక్క నెత్తురు రకమేమో మా కొండల్లో దొరకదు. రాజధాని లీమాకి కబురు పెడితే ఒకే ఒక్క సంచి వచ్చింది.

ఆ రాత్రి వార్డులో అక్క పక్కనున్న బావకి నిద్ర పట్టలా. వేడిగా ఏమన్నా తాగుదామని బయల్దేరాడు. గేటుకి దగ్గర దారి... ఆ గది పక్కనించే.

గదిలో దీపం!

తూములోంచి ఏదో కారుతోంది. ఎర్రగా... కాదు, ఊదాగా. ఓ కుక్క నాకుతోంది.

బావ కిటికీ సందులోంచి చూశాడు. ఇద్దరు. ఆకుపచ్చ గౌన్లు, మొహాలకి గుడ్డలు. ఒకళ్ళు రబ్బరు బంతి పిసుకుతున్నారు. పిసికినప్పుడల్లా — బల్లమీద మాంసం ముద్దలోంచి చివ్వున చిమ్ముతోంది! రెండోవాళ్ళు మోచేతుల దాకా తడిసిపోయారు.

"పోతోంది... పోతోంది..." అని గుసగుస.

"బిగించు!"

చిమ్మడం ఆగిపోయింది.

బావ టోపీ అక్కడే పడిపోయింది. బావ మాత్రం వార్డులో తేలాడు.

"లుస్మిలా! లే! ఇంటికి పోదాం!"

"ఏమైందయ్యా?"

"పిష్టాకోలు... ఇద్దరు... ఎవర్నో కోసేశారు..."

అక్క మెల్లగా లేచి కూచుంది. "నీ ఒంట్లో కొవ్వెక్కడుందని నీకు భయం? పడితే నేను పడాలి."

"నవ్వకే తల్లీ! ఇట్టాంటి చోట రేపు నిన్ను కోయనిస్తానా? బండి చూస్తానుండు."

"ఆ గతుకుల్లో గడ్డ పగిలిందంటే ఇల్లు చేరను," అంది అక్క. "ముందు నాకు చూపించు. నిజమైతే నేనే వచ్చేస్తా."

సెలైను స్టాండు తోసుకుంటూ బయల్దేరింది. చీకట్లో చక్రం కీచు... కీచు... వెనకాల బావ, ఆమె శాలువా కొస పట్టుకుని.

కుక్కలు లేచి దారిచ్చాయి.

లోపల గుసగుస ఆగింది...

బావ కళ్ళు మూసుకున్నాడు. అక్క కాలితో తలుపు తోసింది —

కెవ్వుమని కేక!

అరిచింది అక్క కాదు. డాక్టరమ్మ.

తెల్లగౌను, విరబోసిన జుట్టు, కీచుమనే చక్రం... మా అక్కని చూసి డాక్టరమ్మ ఒబ్దూలియా బల్లెక్కేసింది. బంతి పిసికే మత్తు డాక్టరు బల్లకిందికి దూరాడు. వాళ్ళ మధ్యలో ఓ గొర్రె కాలేయం. పక్కనే బకెట్లో ఊదా మొక్కజొన్న చిచా, మేం రోజూ తాగేదే.

"లుస్మిలా! నిన్ను పడుకోమన్నాను కదా!"

"మీరేంటమ్మా మరి, దెయ్యాల్లాగా?"

డాక్టరమ్మ సిగ్గుపడుతూ దిగింది. "ఉన్నది ఒక్క సంచి. అందుకే ఈ చిచానే నెత్తురనుకుని రాత్రిళ్ళు సాధన. కాలేయంలోకి నెత్తురు తెచ్చే గొట్టాలు ఇదిగో, ఇక్కడ కట్టగా ఉంటాయి. నాడా వేసి బిగిస్తే ఆగుతుంది. ఆగినప్పుడు కోస్తాం, కుడతాం. మధ్యమధ్యలో వదలాలి, లేకపోతే కాలేయమే చచ్చిపోతుంది. బిగించడం తేలికే... వదిలేటప్పుడే నాకు గుండె జారుతుంది."

అక్క నాడా అందుకుంది. లాగింది. వదిలింది. మత్తు డాక్టరు బంతి పిసికాడు. కుట్టిన చోట... చుక్క రాలా.

"బాగానే కుట్టారు. రేపూ ఇట్టాగే కానివ్వండి. బల్లెక్కడం మాత్రం వద్దు," అంది అక్క. బావ వైపు తిరిగి, "పదవయ్యా. ఇంటికి కాదు, మంచానికి."

మర్నాడు బావ ఆపరేషన్ గది బయట కూచున్నాడు. పొద్దు వాలింది. తలుపు తెరవరే!

తెరిచారు... డాక్టరమ్మ. చేతిలో ఎర్ర సంచి. నిండుగా ఉంది. విప్పనే లేదు.

బావ దిగ్గున లేచాడు. "ఎక్కించలేదా... అంటే... పోయిందా?"

"పోలేదయ్యా! అవసరమే పడలేదు!" డాక్టరమ్మ ఎగిరి గంతేసింది. "రెండు గ్లాసులు కూడా కారలేదు!"

ధబ్!

రాత్రికి అక్క కళ్ళు తెరిచింది. పక్క మంచం మీద ఎవరో... తలకి కట్టు, చేతికి సెలైను.

"పాపం, ఆయనకేం కోశారు?" అని నర్సుని అడిగింది.

"ఏమీ కోయలేదమ్మా," అంది నర్సు నవ్వాపుకుంటూ. "ఆయన మీ ఆయనే."