మిస్ మేబెల్ షెడ్డులో నలభై స్క్రూలు

సరస్సు దక్షిణపు కొసన, రెంటన్ ఊరి వైపు, కొయ్య స్తంభాల మీద నీళ్లలోకి చొచ్చుకొచ్చిన రేకుల షెడ్డు ఒకటుంది. చలికాలం పొద్దు గుంకాక ఆ పక్కకి ఎవరూ పడవ తిప్పేవాళ్లు కాదు. తలుపుకి తాళం వేసే ఉండేది. లోపల మనిషి ఉండేవాడు కాదు. అయినా పొగమంచు దిగిన సాయంత్రాల్లో లోపల్నించి ఇంజను గురక వినిపించేది... కాసేపు గుర్రుమని, ఠక్కున ఆగిపోయేది.

"వెండెల్ వచ్చాడు," అనుకుని ఒడ్డున ఉండేవాళ్లు కిటికీ తెరలు లాగేసుకునేవాళ్లు.

వెండెల్ అంటే మిస్ మేబెల్ అనే పందెం బోటు నడిపినవాడు. అరవై ఒకటి ఆగస్టులో, పందెం మూడో చుట్టులో, నీళ్లని తాకీ తాకకుండా దూసుకుపోతున్న బోటుకి చుక్కాని ఊడిపోయింది. బోటు గాల్లోకి లేచి తిరగబడింది. బోటు తేలింది. వెండెల్ ప్రాణంతో తేలలేదు.

విరిగిన మేబెల్‌ని ఆ షెడ్డులో పడేశారు. తర్వాత ముగ్గురు దాన్ని బాగుచేస్తామని కొన్నారు, ముగ్గురూ వదిలేసి పోయారు. మూడోవాడైతే పనిముట్ల పెట్టె కూడా తీసుకెళ్లలేదు.

నాలుగో మనిషి సిగ్నీ.

సిగ్నీకి నలభై తొమ్మిదేళ్లు. ఫెర్రీల్లో ఇంజను మెకానిక్కు. మేబెల్‌ని కట్టింది వాళ్ల నాన్న హెన్రిక్. ప్రమాదం తర్వాత విచారణకి వచ్చినవాళ్లు "చుక్కాని ఊడకుండా అడ్డం పెట్టే పిన్ను లేదు. ఎవరు బిగించారు?" అని అడిగితే "నేనే" అన్నాడు. రెండో మాట మాట్లాడలేదు. ఆ తర్వాత ఆయనకి ఎవరూ పందెం బోటు పని ఇవ్వలేదు. పోయేదాకా వంటింటి అలమరాలు చేసుకుంటూ బతికాడు. బళ్లో పిల్లలు సిగ్నీ వెనకాల పడి "మీ నాన్న పిన్ను మర్చిపోయాడే!" అని పాట కట్టి పాడేవాళ్లు.

నాన్న పోయి తొమ్మిదేళ్లు. వచ్చే ఆగస్టులో పాత బోట్లన్నీ సరస్సు మీద మళ్లీ పరుగెత్తుతాయట. వాటిలో మేబెల్ ఉండాలి. అంతే, సిగ్నీ మొండికేసింది.

"నీకేమైనా పిచ్చా?" అంది డార్లీన్. షెడ్డుకి ఎదురుగా కాఫీ కొట్టు ఆవిడదే. "ముగ్గురు మగాళ్లు పారిపోయారక్కడ."

"అందుకే ఆడదాన్ని వెళ్తున్నా."

డిసెంబరు మొదటివారం. డ్యూటీ దిగి మూడింటికి షెడ్డుకి చేరేది, నాలుగున్నరకల్లా చీకటి పడేది. ఒకరోజు పైచెక్కకి నలభై ఇత్తడి స్క్రూలు బిగించి, తాళం వేసుకుని ఇంటికి పోయింది.

మర్నాడు వచ్చి చూస్తే... స్క్రూలన్నీ ఉన్నాయి. కానీ నలభై స్క్రూల తలల మీది గాట్లూ ఒకే వరసలో, బోటు ముక్కువైపు తిరిగి ఉన్నాయి — దువ్వెనతో దువ్వినట్టు!

సిగ్నీ చేతిలోంచి సుత్తి జారింది.

గాట్లన్నీ అలా ఒకే దిక్కుకి తిప్పే మనిషిని జన్మలో ఒక్కణ్ణే చూసింది. నాన్నని.

మూడోరోజు ఇంకా విచిత్రం. తాను వంకరగా అతికించిన పలక ఊడదీసి, చక్కగా అతికించి ఉంది. గరుకు కాగితం పట్టిన చోట చెయ్యి వేస్తే పాలమీగడలా ఉంది.

భయం వేసింది... భయం అడుగున సంతోషం కూడా. ఆ సాయంత్రం వెళ్లేముందు బెంచీ మీద ఒక గిన్నె పెట్టింది. అందులో ఊరబెట్టిన హెర్రింగు చేప, ఉల్లిపాయ ముక్కలు — నాన్నకి ప్రాణం. "నాన్నా, ఉంటే తిను," అని గొణిగింది.

మర్నాడు వచ్చేసరికి గిన్నె ఖాళీ. కడిగి బోర్లించి ఉంది.

"దెయ్యాలు గిన్నెలు కడుగుతాయటే?" అంది డార్లీన్. "నేను చేసుకున్న మొగుడు బతికుండగానే కడగలేదు!"

సిగ్నీ నవ్వింది గానీ ఆ మాట బుర్రలోంచి పోలేదు. నిజమే. నాన్న కూడా ఏనాడూ గిన్నె కడగలేదు.

ఆ సాయంత్రం తన బండిని డార్లీన్ కొట్టు వెనక దాచి, షెడ్డుకి బయటినించి తాళం వేయించుకుని, మేబెల్ డ్రైవరు సీట్లోకి దిగింది. పైన టార్పాలిన్ కప్పుకుంది. వెండెల్ చివరిసారి కూర్చున్న సీటు అదే... ఆ సంగతి కూర్చున్నాక గుర్తొచ్చింది.

అయిదయింది. అయిదున్నరయింది. పొగమంచు రేకుల సందుల్లోంచి లోపలికి పాకింది.

గుర్ర్ర్ర్...

ఇంజను. సరిగ్గా కాళ్ల కిందనించి. షెడ్డు నేల అదిరింది. ఠక్కున ఆగింది.

తర్వాత నీళ్లవైపు తలుపు కిర్రుమంది. అడుగు... ఆగడం... అడుగు. ఎవరో బోటు పక్కకొచ్చి నిలబడ్డారు. ఊపిరి వినిపిస్తోంది. చెక్క మీద చెయ్యి నిమురుతున్న చప్పుడు.

"వెండెల్..." గుసగుస. "ఎడమవైపు అయిపోవచ్చింది, వెండెల్..."

సిగ్నీ ఇక ఆగలేక టార్పాలిన్ విసిరికొట్టి టార్చి వేసింది.

"వామ్మో!" అని అరిచింది దెయ్యం. వెనక్కి వెళ్లి రంగు డబ్బాల మీద కూలబడింది. ఊలు టోపీ, నెరిసిన గడ్డం, చేతిలో స్క్రూడ్రైవరు.

"గస్ బాబాయ్?!"

గస్ నాన్న దగ్గర పని నేర్చుకున్న కుర్రాడు. ప్రమాదం జరిగిన మర్నాటినించి మళ్లీ వాళ్ల గడప తొక్కలేదు. ఇప్పుడు అరవై దాటాయి. అవతలి ఒడ్డునించి చిన్న మోటారు పడవలో వచ్చి, షెడ్డు కిందకే తోలి, పాత తాళంచెవితో నీళ్లవైపు తలుపు తీసుకుని వస్తున్నాడట. చలికాలం వచ్చిందంటే చాలు — ఇన్నేళ్లుగా. ఊరికే బోటు పక్కన కూర్చుని పోయేవాడట, సిగ్నీ పని మొదలెట్టాకే స్క్రూడ్రైవరు పట్టాడట.

"ఎందుకు బాబాయ్ ఈ దొంగచాటు రాకలు? నాన్న పోయినప్పుడు రాలేదు. పువ్వు కూడా పంపలేదు."

గస్ టోపీ తీసి చేతుల్లో నలిపాడు.

"పిన్ను పెట్టాల్సింది నేనమ్మా."

సిగ్నీ టార్చి దించలేదు.

"పందెం రోజు తెల్లవారుజామున నాకు రెండో పిల్ల పుట్టింది. ఆసుపత్రినించి పరుగెత్తుకొచ్చా. పెట్టాననుకున్నా... రాత్రికి చూస్తే జేబులోనే ఉంది. మీ నాన్నకి చూపించా. లాక్కుని సరస్సులోకి విసిరేశాడు. ‘నీకు ఇద్దరు పసిపిల్లలు. నోరు మూసుకో’ అన్నాడు. మూసుకున్నా."



"దెయ్యమైతే పారిపోయేదాన్ని," అంది సిగ్నీ. "నిన్నేం చెయ్యమంటావ్?"

"నీ ఇష్టం."

"బళ్లో నన్నేమనేవాళ్లో తెలుసా?"

"తెలుసు. తర్వాత మా పెద్దదీ ఆ బళ్లోనే చదివింది, ఆ పాట నేర్చుకుని ఇంటికొచ్చింది."

సిగ్నీ బోటులోంచి దిగింది. ఆయన చేతిలోంచి స్క్రూడ్రైవరు లాక్కుంది. విసిరికొడదామనుకుంది. విసరలేకపోయింది.

"రేపట్నించి పగలు రా. ముందు తలుపులోంచి రా."

"నలుగురూ చూస్తారు."

"చూడనీ."

వచ్చాడు. ఎనిమిది నెలలు పక్కపక్కనే పనిచేశారు. రంగు, చెక్క, బోల్టు... అవి తప్ప ఇంకో మాట లేదు. చుక్కాని బిగించే రోజున సిగ్నీ పిన్ను తెచ్చి ఆయన అరచేతిలో పెట్టి, పక్కనే నిలబడింది. ఆ ఒక్క పిన్నుకి గంట పట్టింది.

ఆగస్టులో సిగ్నీ తోలగా మేబెల్ పరుగెత్తింది. తోకవెనక ఇంటెత్తు నీళ్లు లేపుకుంటూ, చెవులు పగిలేలా అరుస్తూ, మూడో చుట్టూ దాటింది, నాలుగోదీ దాటింది. ఒడ్డున జనం ఈలలు. సిగ్నీ ఒడ్డుకి దిగగానే మైకు పట్టుకున్న కుర్రాడు దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు.

"ఆ మైకు ఇటివ్వు బాబూ," అన్నాడు గస్.

నాలుగే మాటలు చెప్పాడు. పిన్ను ఎవరిదో, తప్పు నెత్తినేసుకున్నది ఎవరో. మైకు తిరిగిచ్చి, అక్కడే ఐసు పెట్టె మీద కూర్చున్నాడు.

సిగ్నీ వెళ్లి పక్కన కూర్చుంది. ఎవరు ఎటు చూస్తున్నారో పట్టించుకోలేదు.

"రాత్రికి మా ఇంటికి భోజనానికి రా బాబాయ్. ఆ రెండో పిల్లని కూడా తీసుకురా. నేనింకా చూడనేలేదు."

"పిల్లా?" గస్ కళ్లు తుడుచుకున్నాడు. "ముప్పై అయిదేళ్లమ్మా దానికి. దానికే ముగ్గురు పిల్లలు."

"అయితే కుర్చీలు కూడా మీరే తెచ్చుకోండి."